రింగులు మార్చినా ఆగని ఆయిల్: రోజూ తిరుమల ఎక్కే ఒక బండి కేసు

బండి 125 సీసీ, ఎయిర్ కూల్డ్ ఇంజిన్, కార్బొరేటర్ మోడల్. మీటరు 70 వేలు దాటింది. యజమాని తిరుమలలో ఒక హోటల్లో వంట పని చేస్తారు, కాపురం కింద తిరుపతిలో. తెల్లవారగానే అలిపిరి దాటి పైకి పోవడం, సాయంత్రం దిగిరావడం. రానూపోనూ 45 కిలోమీటర్ల దాకా అవుతుంది, అంటే నెలకు వెయ్యి పైమాటే. ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పారు: "అన్నా, బండి ఆయిల్ తాగేస్తా ఉంది. రింగులు మార్పించినా తాగేస్తానే ఉంది."

కొన్ని నెలల ముందు ఇంకో షెడ్డులో హాఫ్ ఇంజిన్ పని చేయించారు. బోరు (పిస్టన్ కదిలే సిలిండర్ లోపలి రంధ్రం) కొట్టించి కొత్త పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు వేశారు. కొన్నాళ్లు బాగున్నట్టే అనిపించి మళ్ళీ మొదలైంది. ఈసారి బ్లాకే, అంటే ఆ బోరు ఉండే దిమ్మే, మార్చాలన్నారట. ఆ డబ్బు సర్దుకుని మా షెడ్డుకు వచ్చి, "బోర్ సెట్ మార్చేయన్నా, టెన్షన్ వదిలిపోతుంది" అన్నారు. ముందు కొలుద్దాం, తర్వాతే స్పానర్ పడదామని చెప్పాను.

ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. మైదానంలో తిరిగే బండికీ రోజూ కొండెక్కి దిగే బండికీ ఆయిల్ పోయే దారి ఒకటే కాదు. తిరుపతిలో పని నేర్చుకునే ప్రతి మెకానిక్‌కూ ఈ తేడా తెలియాలి. పొగ కనబడితే రింగులు, ఆయిల్ తగ్గితే బోరు అనే అలవాటు వల్ల చిన్న జీతాల మీద బతికేవాళ్లు అక్కర్లేని ఖర్చు పెట్టుకుంటున్నారు.

ఎంత తాగుతోంది?

ఎంత తాగుతోందని అడిగితే వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు అన్నారు. ఎలా చూస్తున్నారని అడిగాను. ఇంటి ముందు సైడ్ స్టాండ్ మీద నిలబెట్టి డిప్‌స్టిక్ తీసి చూస్తారు, కింది గీత దగ్గర ఉంటే పై గీత వరకూ పోస్తారు. సగం కథ ఇక్కడే తేలింది.

సైడ్ స్టాండ్ వేస్తే బండి ఎడమకు వాలుతుంది. ఈ ఇంజిన్‌లో డిప్‌స్టిక్ ఉండేది కుడి పక్క క్లచ్ కవర్ మీద. ఆయిల్ ఎడమకు చేరిపోతుంది కాబట్టి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అలా చూసి పై గీత దాకా పోస్తే నిజానికి ఎక్కువ పోసినట్టు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి, ఆ తుంపరను బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి తోసేస్తుంది. ఈ బండి ఫిల్టర్ డబ్బా కింద ఉండే డ్రెయిన్ ట్యూబ్ మూత తీస్తే నల్లటి ఆయిల్ ధారగా కారింది. ఫిల్టర్ ఒక పక్క తడిసి ముద్దయింది. అంటే ఆయన పోసిన ఆయిల్‌లో కొంత ఇంజిన్ తాగలేదు, బయటికి నెట్టేసింది.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. బండిని సమతలంగా ఉన్న చోట మెయిన్ స్టాండ్ మీద నిలబెట్టాలి. ఇంజిన్ మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తుడిచి, మరలో తిప్పకుండా ఊరికే దించి తీసి చూడాలి. మన దగ్గర ఎక్కువగా తిరిగే 100, 125 సీసీ బండ్లలో చాలావాటికి ఇదే పద్ధతి, అయినా ఎవరి బండి మాన్యువల్ వాళ్లు ఒకసారి చూసుకోవాలి. తిప్పి బిగించి చూస్తే స్టిక్ ఇంకా లోతుకు దిగి, ఆయిల్ ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు పోయాల్సింది పోయకుండా వదిలేస్తాం. ఒకే ఇంజిన్‌ను ఒకరు బిగించి, ఒకరు సైడ్ స్టాండ్ మీద చూస్తే, చుక్క ఆయిల్ పోకుండానే తాగుతోందన్న పేరు వచ్చేస్తుంది.

పాత ఆయిల్ తీసేసి, ఫిల్టర్ మార్చి, డబ్బా తుడిచి, మాన్యువల్ చెప్పిన 10డబ్ల్యూ-30 చిక్కదనం ఉన్న ఆయిల్ సరిగ్గా పై గీతకు పోశాను. ఈ ఇంజిన్‌కు డ్రెయిన్ చేసి పోస్తే పట్టేది దాదాపు 900 మిల్లీలీటర్లు. మామూలుగా తిరగండి, మధ్యలో చుక్క కూడా పోయొద్దు, 500 కిలోమీటర్లు అవగానే రండి అని చెప్పి పంపాను. మరీ తగ్గిపోతే ప్రమాదం కాబట్టి 250 దగ్గర ఒకసారి ఊరికే చూపించుకుని పొమ్మన్నాను.

500 దగ్గర అదే గచ్చు మీద, అదే స్టాండ్ మీద, అంతే సేపు ఆగి చూశాం. మెడికల్ షాపులో దొరికే 50 మి.లీ. సిరంజితో పోస్తే పై గీతకు రావడానికి 130 మి.లీ. పట్టింది. సీసాతో అందాజుగా పోసి రాసుకునే లెక్క కంటే ఈ సిరంజి లెక్క ఎంతో నమ్మకం. ప్రతి షెడ్డులో ఒకటి ఉండాలి.

అంటే వెయ్యికి 260. అర లీటరు కాదు, కానీ చిన్న సంగతీ కాదు. 900 మి.లీ.తో నడిచే ఇంజిన్‌లో వెయ్యికి 260 పోతే, చూసుకోకుండా మూడు వేలకు ఆయిల్ మార్చే మనిషి బండిలో చివరికి 120 మి.లీ. మిగలాలి. అంతదాకా రాకముందే ఇంజిన్ పట్టేస్తుంది. ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌లో వేడిని మోసుకెళ్లే పనిలో ఆయిల్‌కూ వాటా ఉంది. ముందు దెబ్బ తినేది పైన ఉండి వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్, రాకర్లు. ఈ తరగతి బండ్లలో ఎక్కువవాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు కూడా ఉండదు. డిప్‌స్టిక్ ఒక్కటే దిక్కు.

మా షెడ్డులో నేను పాటించే హద్దు చెబుతాను. ఇది కంపెనీ లెక్క కాదు, నా అనుభవం. ఇలాంటి చిన్న ఇంజిన్ వెయ్యికి 50 మి.లీ. లోపు తీసుకుంటే దాని జోలికి పోను. 100 దాటితే కారణం వెతుకుతాను. 200 దాటితే విప్పక తప్పదు, కానీ ఎక్కడ విప్పాలో తేలాకే.

బోరు బాగుందా, లేదా?

ముందు బయటి లీకులు. ఇంజిన్ కడిగి ఆరబెట్టి, ప్యాకింగుల వెంట, గేర్ షాఫ్ట్ సీల్, కిక్ షాఫ్ట్ సీల్ దగ్గర ముఖానికి రాసుకునే పౌడర్ చల్లి తిప్పాం. లీకు ఉంటే పౌడర్ మీద తడి గీత పడుతుంది. ఎక్కడా పడలేదు. ముందు స్ప్రాకెట్ దగ్గరి నల్లటి జిగట చైన్‌కు కొట్టిన ఆయిల్. దాన్ని చూసి సీల్ పోయిందని మార్చేవాళ్లున్నారు.

తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గు తీసి, గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కులు కొట్టాలి. థ్రాటిల్ మూసి చూస్తే లెక్క తప్పు వస్తుంది, ఇక్కడ చాలామంది తొందరపడతారు. చదరపు సెంటీమీటరుకు 11.5 కిలోలు చూపించింది. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ వేసి మళ్ళీ కొడితే 12. రింగులు, బోరు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులు మూసేసి రీడింగు బాగా పైకి లేచేది. ఇక్కడ తేడా నామమాత్రం. పిస్టన్‌ను పైకి తెచ్చి కంప్రెసర్ గాలి పట్టి ఆయిల్ పోసే రంధ్రం దగ్గర చెవి పెడితే, ఏ ఇంజిన్‌లోనైనా వినబడే సన్నటి సవ్వడి తప్ప ఏమీ లేదు.

బోరు పని శుభ్రంగా ఉంది. చేసిన షెడ్డు మోసం చేయలేదు, ఆ మాట యజమానికి చెప్పాను. కానీ ఈ రెండు పరీక్షలూ పాస్ అయినంత మాత్రాన ఆయిల్ కాలడం లేదని కాదు. వాల్వ్ మూసుకున్నప్పుడు గాలిని ఆపేది దాని సీటు. వాల్వ్ స్టెమ్‌కు (వాల్వ్ కాడకు) పైన తొడిగే చిన్న రబ్బరు సీలు పని వేరు. రాకర్ల దగ్గర చిమ్మే ఆయిల్ స్టెమ్ వెంట, గైడు (స్టెమ్ కదిలే గొట్టం) లోపలి నుంచి కిందికి జారకుండా చూడడమే దాని పని. అది పోయినా కంప్రెషన్ గేజి బాగానే ఉందని చెబుతుంది. సీలు సంగతి గేజి చెప్పలేదు కాబట్టి ఘాట్‌ను అడగాలి.

ఎక్కే ఘాట్, దిగే ఘాట్

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు పైకి పోయేది రెండో ఘాట్‌లో, దిగేది మొదటి ఘాట్‌లో. ఒక్కొక్కటి 18, 19 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అంతసేపు ఎక్కుడు మాత్రమే, మళ్ళీ అంతసేపు దిగుడు మాత్రమే. ఇంజిన్ రోగం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి రోడ్డు మరొకటి లేదని నా నమ్మకం.

ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ బాగా తెరిచి ఉంటుంది. సిలిండర్‌లో పేలుడు ఒత్తిడి ఎక్కువ. రింగులు అరిగి ఉంటే ఆ గ్యాస్ పక్కల నుంచి కిందికి దూరి క్రాంక్‌కేసులో (ఇంజిన్ కింది డబ్బాలో) ఒత్తిడి పెంచుతుంది, బ్రీదర్ నుంచి ఆయిల్ ఆవిరి వస్తుంది, గోడల మీద మిగిలిన ఆయిల్ కాలి సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంది. బరువు లాగుతున్నంతసేపూ పొగ ఉంటే అనుమానం రింగుల మీదికి పోవాలి.

దిగేటప్పుడు అంతా తిరగబడుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తాం, చక్రమే ఇంజిన్‌ను తిప్పుతుంది. థ్రాటిల్ మూసుకుని ఉంది, పిస్టన్ మాత్రం గాలి కోసం గట్టిగా లాగుతోంది. ఇన్‌టేక్ దారిలో బలమైన వాక్యూమ్ ఏర్పడుతుంది. సీలు గట్టిపడి ఉంటే ఆ లాగుడుకు ఆయిల్ గైడు గుండా కిందికి వస్తుంది, నోటితో స్ట్రా పీల్చినట్టు. ఆ సమయంలో లోపల మంట సరిగా ఉండదు కాబట్టి వచ్చిన ఆయిల్ వెంటనే కాలదు. పోర్టులో, సైలెన్సర్‌లో పేరుకుంటుంది. మలుపు దాటి కాస్త యాక్సిలరేటర్ ఇవ్వగానే ఒక్కసారిగా నీలం మబ్బులా బయటపడి, కాసేపటికి మాయమవుతుంది.

మైదానంలో యాక్సిలరేటర్ మూసి నడిపే సమయం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కొండ దిగేటప్పుడు ముప్పావు గంట దాకా అదే పని. అందుకే ఒకే రకం సీలు అరుగుదల తిరుచానూరు రోడ్డులో తిరిగే బండిలో కనబడదు, కొండ బండిలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. సీళ్లు బాగున్నా ఈ దిగుడులో రింగుల పక్క నుంచి కొద్దిగా ఆయిల్ పైకి రావడం సహజం, ఎందుకంటే పేలుడు ఒత్తిడి లేనప్పుడు పై రింగులు గోడకు అంత గట్టిగా ఆనవు. కొండ బండికి మైదానం బండి కంటే కొంచెం ఎక్కువ ఆయిల్ ఖర్చు ఉంటుందని ముందే ఒప్పుకోవాలి.

మా కుర్రాడిని ఇంకో బండి మీద వెనకాల పంపి, ఆయన్ను మామూలుగా నడపమన్నాం. ఎక్కేటప్పుడు రెండు, మూడు గేర్లలో లాగుతున్నా సైలెన్సర్ శుభ్రం. దిగేటప్పుడు పొడుగు మలుపుల తర్వాత యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ పొగ మబ్బు. కిందికి వచ్చాక లీలామహల్ సర్కిల్ దగ్గర ఐడిల్‌లో ఆగి కదిలినప్పుడు మళ్ళీ ఒక దమ్ము. ఐడిల్‌లో కూడా వాక్యూమ్ ఎక్కువే కదా. మర్నాడు పొద్దున మొదటి స్టార్ట్‌లో చిన్న పొగ, అది రాత్రంతా స్టెమ్ వెంట జారిన ఆయిల్. ప్లగ్గు తీసి చూస్తే ఒక పక్క మాత్రమే నల్లగా తడిగా ఉంది, ఇన్‌టేక్ వైపు పక్క. నాలుగు సాక్ష్యాలూ ఒకే మాట చెబుతున్నాయి.

కొత్త మోడళ్ల యజమానులకు ఒక మాట. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) ఉన్న సైలెన్సర్ కొద్దిపాటి పొగను దాచేస్తుంది. ఆయిల్ పోతూ పొగ కనబడలేదంటే కాలడం లేదని తీర్మానించకూడదు. ఆ ఆయిల్ కన్వర్టర్‌నే నెమ్మదిగా చెడగొడుతుంది.

హెడ్డు విప్పాక

బ్లాకు కదపలేదు, దాని పైన వాల్వులుండే హెడ్డు ఒక్కటే దించాం. ఇన్‌టేక్ వాల్వ్ వెనక భాగం చూడగానే విషయం అర్థమైంది. తారు రోడ్డు వేసేటప్పుడు డ్రమ్ము అంచున గడ్డకట్టినట్టు, నల్లటి జిగట పొరలు పొరలుగా పట్టి, స్టెమ్ మొదట్లో ఇంకా తడిగా ఉంది. ఎగ్జాస్ట్ వాల్వ్ వెనక పొడిగా, బూడిద రంగులో ఉంది. బోరులో హోనింగ్ గీతలు (బోరు కొట్టాక గోడ మీద వేసే సన్నటి గీతలు) ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయి. కొత్త బ్లాకు వేసి ఉంటే ఈ గీతలున్న బ్లాకును పాత ఇనుముకు అమ్మి ఉండేవాళ్లు.

స్ప్రింగులు తీసి సీళ్లు లాగాం. గోటితో నొక్కితే మెత్తగా దిగాల్సిన పెదవి గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా ఉంది. యజమానిని పక్కన నిలబెట్టి చూపించాను. కొత్త సీలును వాల్వ్ స్టెమ్‌కు తొడిగి వదిలితే పట్టుకుని అక్కడే నిలబడింది. పాతది తొడిగి వదిలితే జారి బల్ల మీద పడింది. "ఇంతేనా అన్నా?" అన్నారు. ఇంతే. రెండు సీళ్లకూ కలిపి అయిన ఖర్చు ఒక లీటరు ఇంజిన్ ఆయిల్ ధర కంటే తక్కువ.

ముందు హాఫ్ ఇంజిన్ పని చేసినప్పుడు హెడ్డు ఎలాగూ దించారు. అప్పుడే ఇవి మార్చి ఉంటే రెండోసారి కూలి తప్పేది. కొత్త రింగులు బాగా బిగిసేకొద్దీ దిగుడులో పిస్టన్ లాగుడు ఇంకా బలంగా ఉంటుంది, అప్పుడు ముసలి సీలు మీద భారం పెరుగుతుంది. అందుకే మా షెడ్డులో ఒక నియమం: ఏ కారణానికైనా హెడ్డు దిగిందంటే వాల్వ్ సీళ్లు కొత్తవి పడాల్సిందే. వద్దన్నా వేస్తాను, అవసరమైతే సీళ్ల డబ్బు తీసుకోను.

గైడుల్లో ఆట కొలిచాం. ఇన్‌టేక్ గైడు మాన్యువల్ ఇచ్చిన పరిమితి లోపల హాయిగా ఉంది. ఎగ్జాస్ట్ గైడు పరిమితికి దగ్గరపడింది, దాటలేదు. వాల్వులు శుభ్రం చేసి గ్రైండింగ్ పేస్టుతో సీట్లకు రుద్ది, కొత్త సీళ్లు ఆయిల్ రాసి చేత్తో మెల్లగా కూర్చోబెట్టి, కొత్త హెడ్ ప్యాకింగ్ వేసి టార్క్ రెంచితో బిగించాం. సీలు తొడిగేటప్పుడు స్టెమ్ పైన లాకు కూర్చునే గాడి అంచు దాని పెదవిని కోయగలదు. తొందరపడి స్క్రూడ్రైవర్‌తో కొట్టి ఎక్కిస్తే పని పూర్తికాకముందే సీలు చస్తుంది. ట్యాపెట్లు (వాల్వులకూ రాకర్లకూ మధ్య సందు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సెట్ చేశాం.

చిక్కటి ఆయిల్ గురించి

ఈయన అంతకుముందు 20డబ్ల్యూ-50 పోయిస్తున్నారు. చిక్కటి ఆయిల్ పోస్తే బండి తాగదని ఎవరో చెప్పారట. మన ఊళ్లో ఈ సలహా దొరకని మూల లేదు. చిక్కటి ఆయిల్ అరిగిన సందుల్లో నుంచి కాస్త నెమ్మదిగా జారుతుంది, నిజమే. కానీ సన్నటి దారులతో 10డబ్ల్యూ-30 కోసం చేసిన ఇంజిన్‌లో పొద్దున స్టార్ట్ చేయగానే అది రాకర్ల దాకా చేరడానికి ఆలస్యం అవుతుంది. రోగం దాగిందే తప్ప తగ్గలేదు. మాన్యువల్ 20డబ్ల్యూ-50 చెప్పిన బండికి అదే సరైన ఆయిల్, అది వేరే సంగతి.

కారు ఆయిల్ మిగిలిందని బండిలో పోసేవాళ్లు కూడా ఉన్నారు. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పడితే క్లచ్ జారుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. డబ్బా మీద జాసో (ఆయిల్‌కు జపాన్ వాళ్ల ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్ల కోసం.

ఆయిల్ తాగుతుందన్న భయంతో న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపి ఘాట్ దిగేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. దయచేసి అలా చేయకండి. సీలు మార్చుకోవచ్చు, మనిషిని మార్చలేం. ఇంజిన్ బ్రేకింగ్ లేకపోతే డ్రమ్ బ్రేకులు సగం కొండకే వేడెక్కి పట్టు వదులుతాయి. గేరులోనే దిగాలి. ఇంజిన్ కీచుమనేంత చిన్న గేరు కాకుండా వాలుకు తగిన గేరు పట్టుకుని, రెండు బ్రేకులూ పట్టి వదులుతూ రావాలి.

తర్వాత

పని అయ్యాక అదే పద్ధతిలో కొలిచాం. 500 కిలోమీటర్లకు సిరంజిలో 20 మి.లీ., వెయ్యికి మొత్తం 40. దిగేటప్పుడు పొగ లేదు, పొద్దున స్టార్ట్‌లో లేదు. ఫిల్టర్ డబ్బా డ్రెయిన్ ట్యూబ్ పొడిగా ఉంది. బ్లాకు కోసం తెచ్చిన డబ్బులో చాలా భాగం ఆయన జేబులోనే మిగిలింది.

ఇప్పుడు ఆయన ప్రతి ఆదివారం మెయిన్ స్టాండ్ మీద చూసి, మీటరు అంకె, పోసిన మి.లీ. టూల్ బాక్సులోని చిన్న పుస్తకంలో రాస్తున్నారు. ఆయిల్ మార్చే గడువు నేను మాన్యువల్ కంటే కొంచెం ముందుకు జరిపాను, రోజూ ఘాట్ ఎక్కే ఎయిర్ కూల్డ్ ఇంజిన్‌కు ఎండాకాలంలో అది అవసరం. ఎగ్జాస్ట్ గైడు మీద ఇంకా కన్ను వేసి ఉంచాను. పుస్తకంలో లెక్క వెయ్యికి 100 దాటిన రోజు ముందు చూడాల్సింది అక్కడే. గైడు పేరు, అప్పటి కొలత ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టాను. అప్పుడు బండి ఏ షెడ్డుకు పోయినా పని అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.